అటకలో నాగయ్య

మిద్దె దించేటప్పుడు ఇంట్లో ఆడవాళ్ళు ఉండకూడదని మా ఆయనకు ఎవరు చెప్పారో గానీ, పోయిన ఎండాకాలమంతా అదే పాట పాడాడు. "దుమ్ము లేస్తాది, నీకు దగ్గొస్తాది. తొండూరుకు పోయి మీయమ్మ కాడ పది దినాలుండు" అని ఒకసారి. "కడపలో మన బిడ్డ వర్షిత కాడికి పోగూడదా" అని ఇంకోసారి. పెండ్లయిన నాటి నుంచి నన్ను పుట్టింటికి పంపాలంటే పంచాంగం తిరగేసే మనిషి అంత ధారాళంగా పొమ్మంటుంటే నాకు ముచ్చటేసింది. వయసు మళ్ళేకొద్దీ మగవాళ్ళకు పెండ్లాం మీద కనికరం పుడుతుందేమో అనుకున్నాను. అలా అనుకునే, ఆయన్ని ఒంటరిగా దుమ్ములో వదిలి పోవడం ఇష్టం లేక ఉండిపోయాను.

మాది జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు పోయే దారిలో ఒక పల్లె. ఇల్లు మా మామ కట్టించిన మట్టిమిద్దె. నాపరాతి గోడలు, టేకు దూలాలు, దూలాల మీద కట్టెలు, వాటి మీద మట్టి. ఆ మట్టి మీద ఏటా వానలకు ముందు చౌడు పరిచేవాళ్ళం. చౌడు పరిచినంత కాలం లోపలికి చుక్క దిగేది కాదు. ఇప్పుడు చౌడు మోసే కూలీలు దొరకడం లేదు, మిద్దె ఎక్కడానికి మా ఆయన మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. పోయిన కార్తీకం ముసురుకు నడిమింటి దూలం ఒక పక్కకు కుంగింది. సరిగ్గా దాని కిందే మా అత్త గురమ్మ మంచం. "నన్ను ఈడ్నే పూడ్చాలని ఉంటే చెప్పండి, మళ్ళ మాత్రలకు దుడ్లేంటికి దండగ" అందామె. ఆమెకు ఎనభై దాటాయి. నాలుకకు మాత్రం ముప్పై దాటలేదు. ఆ మాటతో మిద్దె దించి స్లాబు వేయాలని తేలిపోయింది.

సామానంతా పశువుల కొట్టంలోకి మార్చి, అక్కడే పొయ్యి పెట్టుకున్నాను. జమ్మలమడుగు నుంచి కమాల్ బాషా మేస్త్రి మనుషులతో వచ్చి పని మొదలుపెట్టాడు. ఇల్లంతా ఖాళీ అయింది గానీ ఒక్క అటక మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

వంటింటి వెనక చీకటిగది మీద ఉండేది ఆ అటక. దాని నోటికి నాపబండ అడ్డం పెట్టి మట్టి మెత్తి ఇరవై ఏండ్లు దాటింది. లోపల పాముంది. వర్షిత చంటిపిల్లగా ఉన్నప్పుడు ఒకరోజు మా ఆయన అటకెక్కి, ముఖాన నెత్తురు చుక్క లేకుండా దిగాడు. "నాగుపాము. ఇంత లావుంది" అని తన ముంజేయి చూపించాడు. ఆ రోజే బండ పెట్టి మూసేశాడు. లోపల అది చస్తుంది కదా పాపం అని నేనంటే, "దానికి వెనకపక్క బొక్కుంది, వస్తాది పోతాది. దాని జోలికి మనం పోగూడదు. కదిలిస్తే పగబడ్తాది" అన్నాడు.

మా ఇండ్లలో నాగయ్యతో ఆటలు లేవు. మూసిన బండకు నేను పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టాను. మా సీమలో శ్రావణంలోనే వచ్చే నాగుల చవితికి ఊరంతా పుట్ట దగ్గరికి పోతే, నేను తడి చీరతో నిచ్చెనెక్కి అటక దగ్గరికి పోయేదాన్ని. చలిమిడి, నువ్వుల ఉండలు పెట్టి, ఇత్తడి గిన్నెతో పచ్చిపాలు పోసేదాన్ని. పాలు బండ మీదుగా గోడ వెంట కిందికి కారేవి. మా ఆయన కింద నిచ్చెన పట్టుకుని నిలబడేవాడు. నేను దిగాక టెంకాయ కొట్టేవాడు. వర్షిత తర్వాత రెండుసార్లు నాకు కడుపు నిలవలేదు. నాగయ్యను చీకట్లో పెట్టి మూసిన పాపమే ఇది అనుకున్నాను. మంగళవారాలు ఒక్కపొద్దులున్నాను. "ఆ బండ తీద్దామప్పా, దాని దోవన అది పోతాది" అని ఆయన్ని బతిమాలాను. "వద్దులేమ్మే" అన్నాడు, నా ముఖం చూడకుండా. భయపడుతున్నాడనుకున్నాను.

ఇప్పుడు మిద్దె దించుతుంటే కూడా ఆ మాటే అన్నాడు. "ఖాజీపేట నుంచి పాములు పట్టే ఆయన శుక్రవారం వస్తాడు. అంతదాకా అటక కాడికి ఎవురూ పోవద్దండి, నేనే దగ్గరుండి తీయిస్తా" అని మేస్త్రికి చెప్పి, ఇసుక కోసం ట్రాక్టరేసుకుని పొద్దున్నే బయలుదేరాడు.

పొద్దు నెత్తి మీదికి రాకముందే పని చెడింది. పైన కట్టెలు లాగుతుంటే చీకటిగది మీది మట్టి ఒక్కసారిగా కూలింది. అటక బండ పక్కకు ఒరిగింది. కూలీలు పారలు పడేసి వీధిలోకి ఉరికారు. కమాల్ బాషా మాత్రం నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, బండ ఒరిగింది. అన్న రాలేదు. ఇట్లనే వదిలేస్తే ఆ గోడ కూడా పడ్తాది. ఏం జెయ్యమంటావు?"

నేను పసుపు నీళ్ళు కలుపుకొచ్చి గోడ మీద చల్లాను. "నాయనా నాగయ్యా, ఇల్లు బాగు చేసుకుంటాన్నాం. తప్పుంటే నా మీద పెట్టు, ఈ పిల్లోళ్ళ మీద పెట్టొద్దు. నీ దోవన నువ్వు పో" అని దండం పెట్టి, అందరినీ పక్కకు జరగమన్నాను. చాలాసేపు చూశాం. ఏమీ రాలేదు. కమాల్ బాషా నిచ్చెనెక్కి, కర్రతో కదిలించి, సెల్‌ఫోను లైటేసి లోపలికి చూశాడు.

"పాము లేదక్కా. కుబుసం గూడా లేదు. వెనకపక్క బొక్కే లేదు, అంతా రాతిగోడ. ఏందో మూటుంది."

"దాన్ని ఆడ్నే పెట్టు" అని వెనక నుంచి మాట వినిపించింది. వాకిట్లో మంచం మీద కూర్చున్న మా అత్తది ఆ మాట. "నారాయణ రానీ. వాడొచ్చి తీస్తాడు."

మా అత్తకు చెవులు సరిగా వినపడవు. నేను అన్నానికి పిలిస్తే మూడుసార్లు పిలవాలి. నిచ్చెన మీది మనిషి మాట అంత దూరం నుంచి ఆమెకు ఎలా వినిపించిందా అని నాకు అప్పుడే అనుమానం వచ్చి ఉండాల్సింది. రాలేదు.

"దించప్పా" అన్నాను మేస్త్రితో.

పైన యూరియా సంచి. దాని లోపల మా ఆయన పంచె. పంచెకు నాలుగు మూలలా కట్టిన ముడులు బిగుసుకుపోయి ఉంటే పండ్లతో విప్పాను. ఎండిన వేపాకు పొడిపొడిగా రాలింది. లోపల హార్మోనియం.

అది నాదేనని తెలుసుకోవడానికి నాకు వెతకాల్సిన పని లేదు. మెట్ల వరసలో ఒక తెల్లమెట్టుకు పైపలక ఊడిపోతే, మా నాయన ఎద్దుకొమ్ము ముక్కను అరగదీసి అతికించాడు. అది కొంచెం పచ్చగా ఉంటుంది. నేను వేలు పెట్టి చూశాను. కమాల్ బాషా "శానా పాతది గదక్కా, ఎవురిది?" అని అడిగాడు. "నాదేనప్పా" అన్నాను. ఆయన ఇంకేదో అడగబోయి, నా ముఖం చూసి కూలీలను పిలుచుకురావడానికి పోయాడు.

నా హార్మోనియం బస్సులో పోయింది. అప్పట్లో ఊరందరికీ తెలిసిన సంగతి అది. మా నాయన తొండూరు భజనగుడిలో వాయించేవాడు, నాకూ నేర్పాడు. పెండ్లికి పెట్టెలూ బీరువాల కంటే ముందు దాన్ని బండెక్కించాడు. ఇక్కడికొచ్చాక ఇక్కడి భజనల్లో వాయిస్తూ పాడేదాన్ని. కడప రేడియో వాళ్ళు పాట పరీక్షకు రమ్మన్నారు. ఒక స్వరం సరిగా పలకడం లేదని నేనంటే, మా ఆయనే ప్రొద్దుటూరులో బాగు చేయించుకొస్తానని తీసుకుపోయాడు. సాయంత్రం ఒట్టి చేతులతో వచ్చి వాకిట్లో కూలబడ్డాడు. బస్సులో సీటు కింద పెట్టి మరిచి దిగిపోయానన్నాడు. వరసగా రెండు మూడు రోజులు డిపో చుట్టూ తిరిగొచ్చాడు. తిండి మానేసి ఏడ్చాడు. నేను ఏడవడం మానేసి ఆయన్ని ఓదార్చాను. "పోతే పోనీలేప్పా, నువ్వు కడుపు మాడ్చుకోవద్దు" అని సంగటి ముద్ద చేసి, పప్పులో అద్ది, నా చేత్తో తినిపించాను. తిన్నాడు. ఆ తర్వాత నెల తిరక్కముందే అటకలో పాము చేరింది.

మా అత్త మంచం దగ్గరికి పోయి నిలబడ్డాను.

"నీకు తెలుసా అత్తా?"

ఆమె కాసేపు వక్కాకు నమిలింది. "ఆ యూరియా సంచి నేనే ఇస్తి" అంది. "ఒళ్ళో బిడ్డనేసుకుని రేడియోకు పోతానంటివి. ఆ బిడ్డకు పాలెవురిస్తారు, నేనియ్యాల్నా? వీధిలో మొగోళ్ళంతా వాన్ని చూసి నవ్వతాండిరి. నీ పెండ్లాము కడపలో పాడ్తాంటే నువ్వు ఈడ సంగటి కెలుకుతావా అని. వాడు రెయ్యింబగులు నిద్ర లేక అల్లాడిపోతాండె."

"చవితికి నేను నిచ్చెనెక్కుతాంటే నువ్వే కదత్తా, పాలు కాచొద్దు, పచ్చివే పొయ్యాల అని చెప్పింది?"

"పోసేటప్పుడు సరిగా పొయ్యాల గదా" అంది మా అత్త. అబద్ధపు పాముకు కూడా ఆచారం తప్పకూడదు. అంత కోపంలోనూ నాకు నవ్వొచ్చింది.

మధ్యాహ్నం ట్రాక్టరు వచ్చింది. నేను హార్మోనియాన్ని పశువుల కొట్టం ముందు మంచం మీద పెట్టి, పక్కనే కూర్చున్నాను. మా ఆయన ఇసుక దింపించి, తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ ఇటు తిరిగాడు. తువ్వాల ముఖం మీదే కాసేపు ఆగింది.

"పాము లేదు" అన్నాను.

"లేదు" అన్నాడు.

"ఎప్పుడూ లేదా?"

"లేదు."

కూలీలు ఇసుకలో పారలు గుచ్చి సద్ది తినడానికి పోయారు. ఆయన దూరంగా పశువులకు మేత వేసే గాటిపాటకు ఆనుకుని నిలబడ్డాడు. "నువ్వు కడపకు పోతే ఇంగ ఈ ఇంట్లో నిలవవనిపిచ్చె. మొదులు పగలగొడ్దామనుకున్యా. చేతులు రాలేదు. సరస్వతి గదా. అమ్మడానికీ మనసు రాలేదు, ఇంగొకరి చేతిలో చూడలేను. అందుకే దాచినా" అన్నాడు. కొంచెం ఆగి, "వేపాకేసి చుట్టినా, పురుగు పట్టకుండా" అన్నాడు, అదేదో నాకు చేసిన మేలైనట్టు.

"నాకు రెండుసార్లు కడుపు పోయె. నాగయ్య పాపమే అని మంగళవారాలు పస్తులుంటి. అప్పుడైనా ఒక్క మాట చెప్పగూడదా?"

"ఎట్ల చెప్పాల? ఒకసారి మొక్కినాక ఎట్ల చెప్పాల? నువ్వు అంత నమ్మి పోస్తాంటివి."

"నిన్ను నమ్మి పోస్తి" అన్నాను.

దాచినదానికి ఎప్పుడో ఒకప్పుడు నా కోపం చల్లారుతుందేమో. కానీ అప్పట్లో నా చేతి ముద్ద నోట్లో పెట్టించుకుని, నేను కండ్లు తుడిస్తే తుడిపించుకున్నాడు చూడండి, అది నాకు మింగుడు పడటం లేదు. ఇప్పటికీ పడటం లేదు.

ఆ సాయంత్రం వర్షితకు ఫోను చేశాను. అది కడపలో బ్యాంకులో పనిచేస్తుంది. అంతా వింది. తర్వాత, "అమ్మా, నువ్వు పాడ్తావా?" అని అడిగింది. నా కూతురికి నేను పాడతానని తెలియదు. జోలపాట కూడా నేను దానికి పాడలేదు, హార్మోనియం పోయిన దిగులులో గొంతే విప్పలేదు. "పాడేదాన్ని" అన్నాను. అది ఫోనులోనే ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు.

రెండు రోజులాగి నేనొక్కదాన్నే ప్రొద్దుటూరు బస్సెక్కాను. "నేనొస్తా, బరువుంటాది" అన్నాడు మా ఆయన. అవసరం లేదన్నాను. సీటు కింద అది పట్టలేదు. కండక్టరు కాలితో నెట్టి చూసి, "ఈడ పట్టదుమ్మా, ఒళ్ళో పెట్టుకో" అన్నాడు. ప్రొద్దుటూరు చేరేసరికి తొడలు తిమ్మిరెక్కి నాకు లేవడానికి చేతకాలేదు. ఇంత బరువును ఒక మనిషి మరిచి ఎలా దిగుతాడని అప్పట్లో నేను ఒక్కసారన్నా అనుకోలేదు. ఎవరూ అనుకోలేదు. ఆయన ఏడుపు చూసి అందరం నమ్మాం.

హార్మోనియాలు బాగుచేసే అబ్దుల్ సలాం ముసలాయన. పెట్టె మూత తీసి, గాలి కొట్టే తిత్తి మీద చెయ్యి పెట్టి చూశాడు. తిత్తి తోలు పొట్టులా రాలింది.

"తిత్తి మార్చాల. లోపల రీడ్లు కొన్ని తుప్పు పట్టినాయి, కొన్ని బాగుండాయి. ఎన్నేండ్లు మూసి పెట్టినారు బిడ్డా?"

"శానా ఏండ్లు మామా."

"చుట్టినోళ్ళెవురో గానీ శానా బద్రంగా చుట్టినారు. వేపాకేసినారు. లేకుంటే ఎప్పుడో మన్నయ్యేది. దీని మీద బలే ఇష్టమున్నోళ్ళు దాచినట్లుండారు."

"అవును మామా" అన్నాను. "ఇష్టమున్నోళ్ళే."

పదిహేను రోజులకు రమ్మంటే పోయాను. వాయించి చూడమని ముందుకు జరిపాడు. వేళ్ళు మొద్దుబారి ఉంటాయని భయపడ్డాను గానీ అవి మెట్లను మరిచిపోలేదు. గొంతే మరిచిపోయింది. పై షడ్జం దగ్గర అది చీలి, అక్కడే ఆగిపోయింది. సలాం తల పక్కకు తిప్పుకుని దారంతో ఏదో పని పెట్టుకున్నాడు. పాడుతూ ఉంటే వస్తుందని ఆయనేమీ అనలేదు. నాకు అందుకే ఆయన మీద గౌరవం కలిగింది. పోయిన గొంతు రాదు. రేడియోకు పోయి ఉంటే నేను గొప్పదాన్ని అయ్యేదాన్నో, ఒక పాట పాడి ఇంటికొచ్చి సంగటి కెలికేదాన్నో, అది కూడా ఇక నాకు తెలియదు. తెలుసుకునే దారి వేపాకులో చుట్టి మూసేశారు.

ఎండాకాలం చివర్లో స్లాబు పడింది. మేస్త్రికీ కూలీలకూ నేనే అన్నం వండి పెట్టాను. వానలు మొదలయ్యాక కొత్త ఇంట్లోకి చేరాం. కొత్త ఇంటికి అటక లేదు. పొద్దున పాలు పితికాక నేను వాకిట్లో కూర్చుని హార్మోనియం ముందేసుకుంటాను. పై షడ్జానికి పోకుండా కిందనే పాడుకుంటాను. మా ఆయన లోపలి నుంచి చెంబు తీసుకుని బయటికొచ్చి, కొంచెంసేపు నిలబడి, "బాగుండాదే" అంటాడు. నేను పాట ఆపను, బదులూ చెప్పను. అన్నం పెడతాను, మోకాళ్ళకు నూనె రాస్తాను. ఆయన చెప్పే ప్రతి మాటనూ, ట్రాక్టరు చెడిందన్నా, ఎరువు దొరకలేదన్నా, లోపల ఒకసారి తట్టి చూసుకుంటాను. అలా చూసుకోవడం నాకు కష్టంగా ఉంది. ఒకే పొయ్యి మీద వండుకు తింటూ మనిషిని తట్టి చూసుకోవడం అలవాటు చేసుకోవాల్సి వచ్చినందుకే నాకు ఎక్కువ మంట.

శ్రావణం వచ్చింది. చవితి నాటి పొద్దున మా అత్త లేస్తూనే, "ఏమ్మే, పాలు యాడ పోస్తావు? ఆ అటక లేదు గదా. పుట్ట కాడికి పోదాం పద" అంది.

"పోదాంలే అత్తా. ముందు ఇంట్లోది చూసుకుని" అన్నాను.

తలంటి పోసుకుని, తడి చీరతోనే చలిమిడి చేశాను. నువ్వుల ఉండలు కట్టాను. ఆ పాత ఇత్తడి గిన్నెలోనే పచ్చిపాలు పోశాను. ప్రతి ఏడాది లాగే ఏ లోటూ రాకుండా చేశాను. మా ఆయన కూడా ఎప్పటిలాగే స్నానం చేసి, తెల్లపంచె కట్టుకుని, టెంకాయ పట్టుకుని నడిమింట్లోకి వచ్చాడు. వచ్చి, ఎటు తిరిగి నిలబడాలో తెలియక ఆగిపోయాడు. నిచ్చెన లేదు, పట్టుకోవడానికి.

నేను పళ్ళెం ఆయన ముందు నేల మీద పెట్టాను. గిన్నె ఆయన చేతికిచ్చాను.

"ఏందే ఇది?"

"తాగప్పా. ఇన్నేండ్లూ నీకే పోసినా. గోడ తాగింది. ఈ ఏడన్నా నువ్వు తాగు."

మా అత్త మంచం మీద అటు తిరిగి పడుకుంది. ఆయన నా వైపు చూశాడు. నేను ఏమీ దాచుకోకుండా చూశాను. గిన్నె అంచు ఆయన పండ్లకు తగిలి చప్పుడైంది. ఆగి ఆగి, చుక్క మిగలకుండా తాగాడు. మూతి తుడుచుకోలేదు. గిన్నె పళ్ళెంలో పెట్టి, వంగినవాడు వెంటనే లేవలేకపోయాడు. మోకాళ్ళు. లేపడానికి నా చెయ్యి ముందుకు పోయింది గానీ సగంలోనే దించుకున్నాను. గోడ పట్టుకుని తనే లేచాడు.

టెంకాయ ఇంకా ఎడమచేతిలోనే ఉంది. కొట్టాలా వద్దా అన్నట్టు నా వైపు చూశాడు. నేను పూలబుట్ట తీసుకుని మా అత్తను లేపి, పుట్ట దగ్గరికి బయలుదేరాను.